ఎదురునడక

పార్కు చుట్టూ వేసిన సిమెంటు బాట ఎక్కడ మొదలవుతుందో అక్కడికే వచ్చి ఆగుతుంది. ఫణిభూషణ్‌కి దాని మీద మొదటి కోపం అదే. ఎంత నడిచినా మళ్ళీ ఆ నీళ్ళ ట్యాంకే, ఆ జారుడుబల్లే, ఆ గన్నేరు చెట్లే. మనిషన్నవాడు ఎక్కడికైనా వెళ్ళడానికి నడుస్తాడు గానీ బయల్దేరిన చోటికే తిరిగి రావడానికి నడుస్తాడా అని భార్య లలితకుమారిని అడిగాడు. సుగరున్నవాడు నడుస్తాడని ఆవిడ జవాబు చెప్పి, బూట్లు తెచ్చి ఆయన కాళ్ళ ముందు పెట్టింది.

మేడ్చల్ దాటి అత్వెల్లి వైపు వెళ్ళే రోడ్డు పక్కన, ఫ్యాక్టరీ ఉద్యోగులంతా సొసైటీ పెట్టుకుని కట్టుకున్న కాలనీ అది. ఫణిభూషణ్ ఆ ఫ్యాక్టరీ స్టోర్సులో కూర్చుంటాడు. కూర్చుంటాడన్నది మాటవరసకు అన్నది కాదు. పొద్దున్నే కంపెనీ బస్సులో కూర్చుంటాడు, దిగి కంప్యూటరు ముందు కూర్చుంటాడు, మధ్యాహ్నం క్యాంటీన్లో కూర్చుంటాడు, సాయంత్రం మళ్ళీ బస్సులో కూర్చుని ఇంటికొచ్చి టీవీ ముందు కూర్చుంటాడు. ఏ సెక్షనుకు ఎన్ని బేరింగులు వెళ్ళాయో, ఎన్ని బోల్టులు వెళ్ళాయో తెర మీద చూసి మౌస్ నొక్కడం ఆయన పని. అందులో కదిలేది కుడిచేతి చూపుడువేలు ఒక్కటే. తమాషా ఏమిటంటే, రేపల్లె వైపు నుంచి వచ్చిన ఈ మనిషికి ఆ ఉద్యోగం దొరికింది పరుగెత్తినందుకు. బాల్ బ్యాడ్మింటన్ బాగా ఆడతాడని ఫ్యాక్టరీవాళ్ళు పిలిచి మరీ ఇచ్చారు. ఇచ్చి, కుర్చీ చూపించారు.

దసరా దాకా రోజూ నడిచి రా, అప్పటికీ తగ్గకపోతే ఇంజక్షన్ మొదలుపెడదాం అని డాక్టరు చెప్పి పంపాడు. ఫణిభూషణ్‌కి సూదంటే చిన్నప్పట్నుంచీ హడల్. కాబట్టి నడక తప్పదు. తప్పదు గానీ, బయల్దేరిన కాసేపటికే ఆయనకి ఆవులింతలు ముంచుకొచ్చేవి. నడుస్తూ ఆవులించే మనిషిని కాలనీలో అంతకుముందు ఎవరూ చూడలేదు.

విసుగు పోవడానికి కూతురు శ్రీదివ్య చేయని ప్రయత్నం లేదు. ఇంట్లోనే ఉండి సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకునే పిల్ల, తనకీ నడుం పట్టేస్తోంది కాబట్టి ఈ విషయాలన్నీ చదివి పెట్టుకుంది. ముందు చెవుల్లో పాటలు పెట్టింది. పాట బాగుంటే ఈయన నిలబడి వినేవాడు. తర్వాత దయ్యాల కథలు పెట్టింది. కథ మంచి పట్టు మీదుండగా బెంచీ మీద కూర్చుండిపోయాడు. ఫోనులో ఒక బొమ్మ మొక్క పెట్టి, మీరు నడిస్తే ఇది పెరుగుతుంది నాన్నా, మానేస్తే ఎండిపోతుంది అని చెప్పింది. ఎండిపోయింది. బావమరిది తన ఇంట్లో అడ్డంగా ఉందని పంపించిన ట్రెడ్‌మిల్ మీద ఇప్పుడు లలితకుమారి తువ్వాళ్ళు ఆరేస్తోంది.

వీటన్నిటికీ మించిన బాధ ఒకటుంది. అది దేవేందర్.

దేవేందర్ అదే ఫ్యాక్టరీలో టైమాఫీసులో కూర్చుంటాడు. అదే కాలనీలో, రెండు వీధుల అవతల ఉంటాడు. ఒకప్పుడు ఒకే టీములో ఆడినవాళ్ళు. ఇప్పుడు మాటల్లేవు. పిల్లలు చిన్న బడిలో ఉన్నప్పుడు మానేసిన మాటలు, వాళ్ళకి పెళ్ళిళ్ళ వయసొచ్చినా మొదలవలేదు. ఖర్మకాలి అతనికీ సుగరే. బస్సు దిగేది ఒకే వేళ కాబట్టి పార్కుకి వచ్చేదీ ఒకే వేళ. పక్కపక్కన నడవాల్సి వస్తుందేమోనని దేవేందర్ ఎదురు దిక్కున నడిచేవాడు. ఆ తెలివి వల్ల జరిగిందేమిటంటే, ప్రతి చుట్టులోనూ ఇద్దరూ రెండేసిసార్లు ఎదురుపడేవారు.

అతను ట్యాంకు మలుపులో కనబడగానే ఫణిభూషణ్ పొట్ట లోపలికి లాక్కునేవాడు. ఆయాసం బయటపడకుండా నోరు మూసుకుని ముక్కుతో ఊపిరి తీసేవాడు. దేవేందర్ చేతులు వెనక్కి కట్టుకుని, ఆకాశంలో ఎవరో పిలుస్తున్నట్టు పైకి చూస్తూ దాటిపోయేవాడు. దాటిపోయాక ఫణిభూషణ్ గాలి వదిలి, వీడికి జుట్టు రాలింది అనుకునేవాడు. జారుడుబల్ల దగ్గర మళ్ళీ కనబడేవాడు. మళ్ళీ పొట్ట, మళ్ళీ ఆకాశం. ఒళ్ళు మండిపోయేది. తన నడక ఇంత దరిద్రంగా ఉండటానికి ఈ మొహమే కారణమని ఫణిభూషణ్ తీర్మానించుకున్నాడు.

ఆదివారం కాలనీ సంఘం ప్రెసిడెంటు గోపాలరావు ఇంటికి వెళ్ళాడు. గోపాలరావు రిటైరైన లెక్కల మాస్టారు, ఏ పనికైనా ఒక రూలుండాలంటాడు. ఫణిభూషణ్ దేవేందర్ పేరెత్తలేదు. బాట ఇరుకనీ, అటూ ఇటూ నడవడం వల్ల ఆడవాళ్ళకి ఇబ్బందనీ, పెద్ద పార్కుల్లో అందరూ ఒకే దిక్కున నడుస్తారనీ చాలా పెద్దమనిషిలా చెప్పాడు. ఏ దిక్కున అని గోపాలరావు అడిగితే, తాను నడిచే దిక్కే చూపించాడు. మర్నాడు సాయంత్రానికల్లా గేటు పక్కన బాణం గుర్తుతో బోర్డు వెలిసింది. వాచ్‌మన్ ఇస్సాకుకి ఒక ఈల ఇచ్చి, బాణానికి ఎదురొచ్చిన వాళ్ళని ఆపమన్నారు.

ఆ సాయంత్రం దేవేందర్ వచ్చాడు. కాన్వాసు బూట్లు, మెడలో తువ్వాలు. బోర్డు దగ్గర ఆగి చదివాడు. బాణం చూశాడు. బాణం చూపించిన వైపు అప్పుడే ముందు నడుస్తున్న ఫణిభూషణ్ వీపు చూశాడు. ఇస్సాకు మొహమాటంగా ఈల చేతిలో తిప్పుకుంటూ నిలబడ్డాడు.  దేవేందర్ తువ్వాలు తీసి మడిచి భుజాన వేసుకుని వచ్చిన దారినే వెళ్ళిపోయాడు. మలుపు తిరుగుతూ ఇదంతా ఓరగా చూసిన ఫణిభూషణ్‌కి, చాలా ఏళ్ళ తర్వాత ఒక ఆట గెలిచినంత హుషారొచ్చింది. ఇంటికొచ్చి పెసరట్టు అడిగి మరీ తిన్నాడు.

ఆ హుషారు మర్నాటికి లేదు. బాట ఖాళీగా ఉంది. ఉన్నవాళ్ళంతా బాణం ప్రకారం ముందు వెనకలుగా పోతున్నారు. ఎవరి మొహం ఎవరికీ కనబడదు, అన్నీ వీపులే. ట్యాంకు మలుపు వచ్చింది. పొట్ట లాక్కోబోయి ఎవరికోసమని వదిలేశాడు. జారుడుబల్ల దాటేసరికి ఆవులింత వచ్చింది. ఇంకో చుట్టు తిరగబుద్ధి కాక గన్నేరు చెట్ల కింద కూర్చున్నాడు. తర్వాతి రోజు చెవుల్లో పాటలు పెట్టుకుని వెళ్ళాడు. ఆ మర్నాడు కూతుర్ని వెంటబెట్టుకుని వెళితే ఆ పిల్ల ఫోనులో మీటింగు మాట్లాడుతూనే నడిచింది. ఆ తర్వాత అసలు బూట్లే తొడగలేదు. మబ్బు పట్టిందన్నాడు. లలితకుమారి కిటికీ తెరిచి ఎండ చూపించింది.

స్టోర్సు కిటికీలోంచి చూస్తే లారీలు ఆపే షెడ్డు కనిపిస్తుంది. రోజూ కనిపిస్తూనే ఉంటుంది గానీ ఆ వారం ఫణిభూషణ్‌కి కొత్తగా కనబడటం మొదలైంది. ఆ షెడ్డు కింద ఉన్న నేలే వాళ్ళ కోర్టు. మధ్యాహ్నం అన్నం తిన్నాక కుర్చీకి తిరిగి రాకుండా అటు వెళ్ళాడు. డీజిలు మరకల మధ్య నిలబడి నెట్ ఎక్కడుండేదో ఆనవాలు పట్టాడు. సాయంత్రం డ్యూటీ దిగగానే తను బకెట్లతో నీళ్ళు చల్లేవాడు, దేవేందర్ రోలరు లాగేవాడు. కొబ్బరితాడు చెరో కొసా పట్టుకుని ఇద్దరూ వంగి సున్నంతో గీతలు గీసేవారు. దేవేందర్ లాగితే తాడు వీణ తీగలా బిగిసేది. తడి ఎర్రమట్టి వాసన వేస్తుండగా, ఉన్ని రేగిన పసుప్పచ్చ బంతిని దేవేందర్ అరచేతుల మధ్య గుండ్రంగా రుద్ది విసిరేవాడు. అప్పుడు ఎంతసేపు పరుగెత్తారో ఎవరైనా లెక్క చూసుకున్నారా? చీకటి పడి బంతి కనబడక మానేసేవారు తప్ప, విసుగుపుట్టి ఆపిన రోజు ఒక్కటీ లేదు. లారీ డ్రైవరు హారన్ కొట్టాడు. ఫణిభూషణ్ పక్కకి తప్పుకున్నాడు. 

బస్సులో ఆ రోజు ఇంకో మాట చెవిన పడింది. వెనక సీట్లో టైమాఫీసు కుర్రాళ్ళు, దేవేందర్ సార్ మెట్లెక్కలేకపోతున్నాడనీ, కాళ్ళు మొద్దుబారుతున్నాయట అనీ చెప్పుకుంటున్నారు. ముందు సీటు కడ్డీ పట్టుకుని ఫణిభూషణ్ కాలనీ వచ్చేదాకా కదలకుండా కూర్చున్నాడు. దిగాక ఇంటికి వెళ్ళాల్సిన కాళ్ళు రెండు వీధుల అవతలికి వెళ్ళాయి.

గేటు తీస్తే దేవేందర్ తల్లి యాదవ్వ వరండాలో చింతకాయలు ఒలుస్తోంది. ఎనభై దాటిన మనిషి. కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకుని చూసి, కాసేపటికి పోల్చుకుంది.

"ఫణి గాదూ? ఎన్నేండ్లాయె బిడ్డా మా గడప దొక్కి," అంది. "కూసో. కోడలు బిడ్డ కాన్పుకని మచ్చ బొల్లారం వొయ్యింది. సల్ల దాగుతవా?"

తాగుతానని కూడా అనిపించుకోకుండా స్టీలు గ్లాసు తెచ్చి చేతిలో పెట్టింది. ఆట అయ్యాక ఒళ్ళంతా మట్టితో వచ్చి, మేడ్చల్ పాతింటి అరుగు మీద వరసగా కూర్చుంటే ఈవిడ ఇలాగే గ్లాసులు పట్టుకొచ్చేది. జొన్నరొట్టెలు పెట్టి, పక్కన ఉల్లిపాయ గుద్ది పడేసేది. ఆంధ్రా పిలగానికి రొట్టె తినరాదని నవ్వి, అతనికి మటుకు వేరే అన్నం వండేది. ఆ మజ్జిగలో ఉప్పు ఎక్కువ వేసే అలవాటు ఇప్పటికీ పోలేదు. ఫణిభూషణ్ గ్లాసు దించకుండా తాగాడు, కళ్ళు కనబడకుండా ఉంటాయని.

లోపల గదిలో టీవీ మోగుతోంది. ఇతని పేరు వినగానే దాని చప్పుడు ఇంకా పెరిగింది. యాదవ్వ ఆ గది వైపు తల విదిలించింది.

"గా డాక్టరేమో నడువుమన్నడు. ఈడేమో పార్కుల ఏందో బోర్డు వెట్టిండ్రని పోకుంటయ్యిండు. గీ వరండల్నే అటు నాలుగడుగులు ఇటు నాలుగడుగులు ఏస్తడు, పరేషానై కుర్చీల వడ్తడు. పోరా అంటే, ఫణిగాని ఎన్క నడవ, వాని ముంగట నడవ అంటడు. ఒక్క బాలు బిడ్డా. గంత ఊలు బాలు. గింతకాలమా?"

ఒక్క బంతే. దేవరయాంజాల్ సీతారామస్వామి ఉత్సవాలకి పెట్టిన పోటీల్లో ఆఖరి ఆట, ఆఖరి పాయింటు. సెంటర్లో ఫణిభూషణ్, అతని వెనక దేవేందర్. అవతలివాళ్ళు ఎత్తుగా లేపిన బంతి సరిగ్గా ఇద్దరి నడుమకీ దిగింది. అతను కొడతాడని ఇతను చూశాడు, ఇతను కొడతాడని అతను చూశాడు. చూస్తూండగానే అది మెత్తగా నేల మీద పడింది. నీ బంతే అంటే నీ బంతే అని జనం ముందు మొదలైంది, తిరుగు లారీలో ముదిరింది. టీ తాగడానికి షామీర్‌పేటలో ఆపితే దేవేందర్ దిగి మళ్ళీ ఎక్కలేదు. ఎక్కించుకోవడానికి ఫణిభూషణ్ దిగలేదు.

గ్లాసు కింద పెట్టి ఫణిభూషణ్ లేచాడు. గది గుమ్మం దాకా వెళ్ళే ధైర్యం చాల్లేదు. యాదవ్వ వైపే చూస్తూ, టీవీని దాటి వినబడేంత గట్టిగా చెప్పాడు.

"అమ్మా, వాణ్ణి బోర్డులో రాసినట్టే నడవమనండి. ఎవరి వెనకా నడవక్కర్లేదు. రేపట్నుంచి నేనే ఎదురు నడుస్తాను."

టీవీ చప్పుడు ఆగిపోయింది. గదిలోంచి మనిషి మాత్రం రాలేదు. ఫణిభూషణ్ చెప్పులేసుకుని గేటు దాటేదాకా మళ్ళీ మోగలేదు కూడా.

మర్నాడు సాయంత్రం ఫణిభూషణ్ గేట్లోంచి లోపలికి వచ్చి, బాణానికి వీపు పెట్టి నడవడం మొదలుపెట్టాడు. ఇస్సాకు ఈల ఊదాడు. ఆగకపోయేసరికి పరుగెత్తుకొచ్చాడు. "గిట్ల పోవద్దు సార్. మీరే జెప్పి పెట్టిచ్చిన్రంట గదా బోర్డు," అన్నాడు, తప్పు తనదే అయినట్టు. ఊదాల్సినప్పుడల్లా ఊదు, నీ డ్యూటీ నువ్వు చెయ్యమని ఫణిభూషణ్ భుజం తట్టి ముందుకు పోయాడు. ఎదురొచ్చిన ఆడవాళ్ళు ఈయనకేదో అయిందన్నట్టు పక్కకి తప్పుకున్నారు. ఒకావిడ చదువుకున్నవాళ్ళే ఇలా చేస్తే ఎలా అని వినబడేట్టే అంది. గోపాలరావు అయితే దారికడ్డంగా నిలబడి, కారణం చెప్పమన్నాడు. ఏం చెప్తాడు? ఎడమకాలు పట్టేసింది, ఇటు తిరిగితేనే సుఖంగా ఉంది మాస్టారూ అని నోటికొచ్చింది చెప్పాడు. ఆయన నమ్మలేదు. ఫణిభూషణ్‌కి సిగ్గుతో చెవులు కాలిపోయాయి. ప్రతి మలుపులోనూ తలెత్తి చూశాడు. ఆ రోజు దేవేందర్ రాలేదు.

రెండో రోజూ రాలేదు. సంఘం నుంచి ఫోనొచ్చిందని లలితకుమారి నిలదీసింది. ఏవండీ, నలుగురూ నవ్వుకుంటున్నారు, మామూలుగా అందరిలా నడవచ్చు కదా అంది. ఆయన జరిగిందంతా చెప్పాడు.  ఆవిడ విని, సాక్సులు తడిగా ఉన్నాయి, ఇవి వేసుకోండి అని వేరే జత తెచ్చిచ్చింది.

మూడో రోజు ఎండ వాలిపోతుండగా గేటు దగ్గర తెల్ల కాన్వాసు బూట్లు కనిపించాయి.  దేవేందర్ ఎవరివైపూ చూడకుండా బాణం ప్రకారం బయల్దేరాడు. అడుగు వేసేముందు నేల ఉందో లేదో చూసుకుంటున్నట్టు వేస్తున్నాడు. ఆ నడక చూసి ఫణిభూషణ్ తన అడుగు తగ్గించాడు. ఈ కాళ్ళేనా ఒకప్పుడు కోర్టు వెనక గీత మీంచి గాల్లోకి లేచినవి? ట్యాంకు మలుపులో ఎదురుపడ్డారు. దేవేందర్ ఆకాశం చూశాడు. ఫణిభూషణ్ పొట్ట లాక్కోవడం మర్చిపోయాడు. జారుడుబల్ల దగ్గర మళ్ళీ ఎదురుపడ్డారు. ఈసారి దేవేందర్ కళ్ళు ఆకాశం దాకా వెళ్ళలేదు, గన్నేరు కొమ్మల దగ్గరే ఆగాయి. తర్వాతి చుట్టులో ఇస్సాకు అలవాటుగా ఈల ఊదాడు. ఫణిభూషణ్ అలవాటుగా చెయ్యెత్తి చూపించి పోతూనే ఉన్నాడు. దేవేందర్ ఆగిపోయాడు.

"నీకు పాగల్ వట్టిందా ఏంది?" అన్నాడు. అన్నేళ్ళ తర్వాత మొదటి మాట అది. "బోర్డు వెట్టిచ్చింది నువ్వేనని నాకెరుకే. మల్ల నువ్వే ఉల్టా నడుస్తున్నవ్. ఊరంత నవ్వుతాంది."

"నవ్వనీ," అన్నాడు ఫణిభూషణ్. "నువ్వు లేకపోతే నాకు నడక సాగట్లేదురా దేవా. విసుగుతో చచ్చిపోతున్నా."

దేవేందర్ తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు. తుడుచుకున్న చోటే మళ్ళీ తుడుచుకున్నాడు. తర్వాత బాట కేసి చూస్తూ, చాలా మామూలుగా, పొద్దున ఏం తిన్నాడో చెబుతున్నట్టు చెప్పాడు.

"గా దినం బాలు నాదే ఫణీ. బ్యాకోడు ముంగటికొచ్చి కొట్టాలె. నేను రాలె."

ఈ మాట కోసం ఫణిభూషణ్ ఎన్ని రాత్రులు పక్క మీద దొర్లాడో లెక్కలేదు. ఎప్పటికైనా వీడి నోట వినాలి, విని పెద్దమనసుతో పోనీలే అనాలి అని అనుకున్నవాడు. తీరా వినబడ్డాక చేతిలోది ఎవరో లాక్కున్నట్టయింది. ఒక పెద్దమనిషి, మొద్దుబారిన కాళ్ళతో, కాలనీ పార్కులో నిలబడి ఒప్పుకోవాల్సిన మాటా అది?

"నీదెలా అవుతుంది?" అన్నాడు కోపంగానే. "బంతి నా తల మీంచి రాలేదు, నా కుడిచేతి వైపుకొచ్చింది. అది సెంటర్ వాడి బంతి. నాది."

"ఏ, ఊకో. నీ కుడిదిక్కేడిది? నేను ఎన్కనుంచి సూస్తున్న గదా."

"చూస్తూ నిలబడ్డావు, అదే కదా చెప్తున్నా. నేను రెండడుగులు వెనక్కి వేస్తే అందేది."

"రెండు గాదు, నాలుగు. నీ కాళ్ళకు అందకపోవు. నేనే ఉరకాలె."

"నాకు అందదా? నాకా?"

దేవేందర్ అక్కడికక్కడే వంగి, వేలితో సిమెంటు మీద నెట్ గీసి చూపించాడు. ఇది నువ్వు, ఇది నేను అని రెండు గన్నేరు పూలు పెట్టాడు. ఫణిభూషణ్ మోకాళ్ళు పట్టుకుని కూర్చుని ఒక పువ్వుని ఇవతలికి జరిపాడు. దేవేందర్ దాన్ని మళ్ళీ అవతలికి జరిపాడు. వెనకొచ్చేవాళ్ళు గడ్డిలోంచి చుట్టు తిరిగి పోవాల్సొచ్చింది. గోపాలరావు వచ్చి దారిలో కూర్చోకూడదని రూలు గుర్తుచేశాక ఇద్దరూ ఒకరి భుజం ఒకరు పట్టుకుని లేచారు. లేచి, వాదించుకుంటూనే నడిచారు. ఎటు నడుస్తున్నారో ఇద్దరూ చూసుకోలేదు. ఇస్సాకు ఈల నోటి దాకా తీసుకెళ్ళి, మళ్ళీ జేబులో వేసుకున్నాడు.

ట్యాంకు వచ్చింది, పోయింది. జారుడుబల్ల వచ్చింది, పోయింది. దేవేందర్ చెయ్యి ఊపుతూ గాల్లో బంతి ఎక్కడ తిరిగిందో చూపిస్తున్నాడు, అడుగులు చూసుకోవడం మానేశాడు. చొక్కా వీపుకి అతుక్కుపోయిందని ఫణిభూషణ్‌కి అప్పుడు తెలిసింది. చెమట పట్టిందంటే ఎంతసేపు నడిచారో ఏమో. లైట్లు కూడా వెలిగించేశారు. గేటు దగ్గర లలితకుమారి ఎంతకీ రాలేదని చూడ్డానికి వచ్చి, వీళ్ళని చూసి, పిలవకుండా వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది.

మలుపులో దేవేందర్ ఉన్నట్టుండి మాట ఆపి, ఏదో ఆలోచనలో పడ్డాడు. కొంచెం మెత్తబడ్డట్టు కూడా కనబడ్డాడు. ఎక్కడ సరేలే నీదే అనేస్తాడోనని ఫణిభూషణ్‌కి భయం పట్టుకుంది. రేపు సాయంత్రం, ఎల్లుండి సాయంత్రం, దసరా దాకా వచ్చే సాయంత్రాలన్నీ ఉన్నాయి. అతను నోరు తెరిచేలోగా, "అసలు ఆ సర్వీసు పట్టిందెవరో చెప్పు ముందు," అని అడిగి, ఫణిభూషణ్ అడుగు పెంచాడు.